శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆరుబయట వాటర్‌కలర్ ల్యాండ్‌స్కేప్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా వైపు ఏటిగట్టు మీదో, చెరువు పక్కనో కూర్చుని బొమ్మలేస్తుంటే దారిన పోయేవాళ్ళు, కొత్తగా నేర్చుకునే పిల్లలు, రిటైరయ్యాక బ్రష్ పట్టిన మాస్టార్లు అందరూ ఇంచుమించు ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మంచిదని రాస్తున్నా. కొన్నిటికి జవాబు పెద్దగా వచ్చింది, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

ఫోన్‌లో ఫోటో తీసుకుని ఇంట్లో ఫ్యాన్ కింద వేసుకోవచ్చు కదా, ఎండలో ఈ తిప్పలెందుకు?

వేసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఫోన్ కెమెరా ఆకాశం బాగా రావాలంటే చెట్ల కింద నీడంతా నల్లగా చేసేస్తాది, నీడ బాగా రావాలంటే ఆకాశం తెల్లగా ఎగరగొట్టేస్తాది. కన్ను రెండూ ఒకేసారి చూస్తాది. శ్రీకాకుళం జిల్లా తోటల ప్రాంతం ఉద్దానంలో మధ్యాహ్నం పూట జీడిచెట్టు కింద నీడ ఒక్కసారి దగ్గరగా చూడండి, అందులో నలుపే ఉండదు. కింద నేల మీద పడ్డ ఎండ పైకి కొట్టి ఆకుల అడుగున వెచ్చగా గోధుమ రంగు వస్తాది, ఆకాశం వైపున్న ఆకుల మీద లేత నీలం మెరుస్తాది, కాండం మీద ఒక పక్క ఊదా రంగు. ఇది ఫోటోలో రాదు. ఫోటో చూసి వేసినవాళ్ళ నీడలన్నీ బొగ్గులా ఉంటాయి, బయట కూర్చున్నవాళ్ళ నీడల్లో గాలి ఆడుతుంది.

ఇంకో కారణం ఏంటంటే వాటర్‌కలర్ అంటే సగం నీళ్ళ పని, ఆ నీళ్ళు ఎలా ఆరతాయన్నది ఆ రోజు గాలి, ఎండ, తేమ చెప్తాయి. ఫ్యాన్ కింద అది నేర్చుకోలేం.

మొదలెట్టడానికి ఏమేం కొనాలి?

చాలా తక్కువ. 10 నెంబరో 12 నెంబరో మొన బాగా నిలిచే రౌండ్ బ్రష్ ఒకటి, 6 నెంబరు చిన్నది ఒకటి, ఆకాశానికి ఒక ఇంచి ఫ్లాట్ బ్రష్. మూత ఉన్న పాలెట్, అంటే రంగులు కలుపుకునే పళ్ళెం. నీళ్ళకి రెండు డబ్బాలు, ఒకటి బ్రష్ కడగడానికి, ఇంకోటి శుభ్రంగా ఉంచుకోడానికి. పిల్లలు పరీక్షలకి తీసుకెళ్ళే ప్యాడ్, మాస్కింగ్ టేపు, 2బి పెన్సిల్, చిన్న స్ప్రే బాటిల్, మడత స్టూలు. పాత నూలు పంచె చింపిన గుడ్డ మాత్రం తప్పకుండా పెట్టుకోండి, టిష్యూ కంటే ఎంతో మేలు, నీళ్ళు ఇట్టే పీల్చేస్తాది, గాలికి ఎగిరిపోదు. స్టాండు మొదట్లో అవసరం లేదు, సముద్రం గాలికి అది పడిపోవడం, దాన్ని పట్టుకోవడంతోనే సరిపోతాది. ఒళ్ళో ప్యాడ్ పెట్టుకుని, వెనక అంచు కింద ఒక రాయి పెట్టి కాస్త వాలుగా ఉంచితే చాలు.

పేపర్ ఏది కొనాలి, మామూలు డ్రాయింగ్ షీట్ పనికిరాదా?

పనికిరాదు. అన్నిటికంటే ముందు డబ్బులు పెట్టాల్సింది పేపర్ మీదే, రంగుల మీద కాదు, బ్రష్‌ల మీద కూడా కాదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క), నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే రకం) అని రాసుంటాది చూసి తీసుకోండి. 200 జీఎస్ఎం లోపు కాగితం నీళ్ళు తగలగానే అప్పడంలా లేచిపోతాది, ఆ గుంటల్లో రంగు నిలిచి మరకలు కడతాది. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం 300 జీఎస్ఎం ఉన్నా గానీ ఒకచోట ఆరి ఒకచోట ఆరక గట్టి అంచులు పడిపోతాయి, నేర్చుకునేవాళ్ళు ఆ తప్పు తమ చేతిదే అనుకుని నిరుత్సాహపడి మానేస్తారు. అది చేతి తప్పు కాదు, కాగితం తప్పు. ఖరీదు ఎక్కువ అనిపిస్తే పెద్ద షీటు కొని ఎనిమిది ముక్కలు చేసుకోండి, బయట వేయడానికి చిన్న సైజే మంచిది కూడా, వెలుగు మారేలోపు పూర్తవుతాది.

రంగులు ఎన్ని ఉండాలి?

ఆరేడు చాలు. లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా, ఒక ఎరుపు, అల్ట్రామెరైన్, ప్రష్యన్ బ్లూ గానీ సెరూలియన్ గానీ. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియన్నా కలిపితే లేత మబ్బు రంగు నుంచి ఇంచుమించు నలుపు దాకా అన్ని బూడిద రంగులూ వస్తాయి, నీలం ఎక్కువైతే చల్లగా, సియన్నా ఎక్కువైతే వెచ్చగా. ఈ ఒక్క జత చేతికి వచ్చిందంటే నల్ల ట్యూబు మూత తియ్యాల్సిన పనే ఉండదు.

స్టూడెంట్ రకం రంగులతో మొదలెట్టొచ్చు, కాకపోతే వాటిల్లో పిగ్మెంట్, అంటే అసలు రంగు పొడి, తక్కువ, కలిపేకొద్దీ పేలవంగా అయిపోతాయి. ట్యూబు వెనకాల చిన్నగా పిగ్మెంట్ కోడ్ ఉంటాది, అది చదవడం అలవాటు చేసుకోండి. పీఆర్ 83 అని ఉన్న క్రిమ్సన్ వెలుగులో పెడితే కొన్నాళ్ళకి వెలిసిపోతాది, గోడకి తగిలించే బొమ్మలకి అది వాడకండి.

నేను వేసిన పచ్చ ప్లాస్టిక్‌లా ఉంటోంది, మన పొలాల పచ్చ ఎలా వస్తుంది?

అందరికీ ఉన్న బాధ ఇది. వీడియోల్లో చూపించే పచ్చలు చాలావరకు చల్లటి దేశాల గడ్డి మైదానాలవి, వాటిని అలాగే తెచ్చి మన పొలానికి వేస్తే అతకదు. మన దగ్గర ఒకటే పచ్చ అని లేదు. ఉడుపులు (వరి నాట్లు) అయిన కొత్తలో, అంటే జూలై ఆగస్టుల్లో, నారు సన్నగా ఉండి మధ్యలో నీళ్ళల్లో ఆకాశం కనబడుతుంటాది, అప్పుడు ముందు ఆకాశం రంగు నేల మీద కూడా వేసేసి, అది ఆరాక పైన లెమన్ ఎల్లోలో చుక్క ప్రష్యన్ కలిపి పొడి బ్రష్‌తో నిలువు గీతలు తేలిగ్గా తాకించాలి. సెప్టెంబరు వచ్చేసరికి నీళ్ళు కనబడవు, పచ్చ చిక్కబడతాది, లెమన్ ఎల్లో అల్ట్రామెరైన్ కలిపి అందులో బర్న్ట్ సియన్నా ఓ కొస వెయ్యండి, వెంటనే ఆ ప్లాస్టిక్ మెరుపు పోతాది. నవంబరులో కంకి బరువెక్కాక పచ్చ కంటే ఓకర్ ఎక్కువ.

కొబ్బరి పచ్చ వేరు, కాస్త నీలం పాలు ఉంటాది, పైన మట్ట ఎండలో తెల్లగా మెరుస్తాది. ఆ తెలుపు కాగితాన్నే వదిలెయ్యాలి. జీడి ఆకు పచ్చలో పసుపు ఎక్కువ, సరుగుడు తోట దూరం నుంచి చూస్తే పచ్చే కాదు, బూడిదలో కలిసిన ఊదా. మొగలి పొదలు వెండి పచ్చ. ట్యూబులో రెడీగా వచ్చే సాప్ గ్రీన్ వాడకూడదని కాదు, ఒక్కదాన్నే వాడకండి, ఎప్పుడూ ఏదో ఒక ఎరుపు జాతి రంగుతో దాన్ని శాంతపరచండి.

ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

ముందు మీ ఊరి చెరువుగట్టు. నిజంగానే చెప్తున్నా, తెలిసిన చోటైతే చూడ్డానికి టైం దొరుకుతాది, కొత్త చోట సగం టైం అటూ ఇటూ తిరగడానికే పోతాది.

తర్వాతైతే నా మొదటి ఓటు శాలిహుండానికే. వంశధార పక్కనే కొండ, పైన ఇటుక స్తూపాలు, 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం అది. కొండ మీంచి చూస్తే ఏరు, ఇసుక తిన్నెలు, వరి మళ్ళు, తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి పొరలు పొరలుగా కనబడతాయి. వాటర్‌కలర్ నేర్చుకోడానికి ఇంతకంటే తేలికైన అమరిక దొరకదు, లేత పొర నుంచి ముదురు పొరకి వచ్చేయడమే. అక్కడి ఇటుక ఎరుపుకి బర్న్ట్ సియన్నాలో కొంచెం ఎరుపు, నీడ పక్కన అల్ట్రామెరైన్. అక్కడ నుంచి కళింగపట్నం దగ్గరే, లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు, తెప్పలు, వలలు, అన్నీ ఒక్క ఉదయంలో. ఒక విషయం గుర్తుంచుకోండి, మనది తూర్పు తీరం, పొద్దున్న సూర్యుడు సముద్రం మీంచే మన కళ్ళల్లోకి వస్తాడు, పడవలన్నీ నల్లటి ఆకారాలుగా నీళ్ళన్నీ వెండిలా కనబడతాయి. సముద్రం నీలంగా, పడవ రంగులు కళగా కావాలంటే సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళాలి, అప్పుడు ఎండ వెనక నుంచి పడతాది.

శ్రీకాకుళం టౌన్‌లోనే ఉంటే నాగావళి వంతెన కింద ఎండాకాలం ఇసుకే ఒక సబ్జెక్టు, పల్చటి ఓకర్ మీద నీలం పాయలు రెండు మూడు గీస్తే చాలు. తేలినీలాపురంలో చలికాలం గూడబాతులు, రంగుల కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి, అక్కడ దూరంగా కూర్చోండి, గట్టిగా మాట్లాడొద్దు, దగ్గరకెళ్తే పిల్లల్ని వదిలేసి లేచిపోతాయి. బారువ కొబ్బరితోటలు, మందస వైపు నుంచి కనబడే మహేంద్రగిరి కూడా చాలా బాగుంటాయి. ఉద్దానంలో 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు పడిపోయాయి. అప్పటికి ముందు ఆ తోటల్ని బొమ్మేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ కాగితాలు దయచేసి జాగ్రత్తగా దాచండి.

విజయనగరం వాళ్ళకి పెద్దచెరువు, కోట గోడ ఉండనే ఉన్నాయి. రాళ్ళు వెయ్యాలంటే రామతీర్థం, ఆ గుండ్రటి బండలు, వాటి మీద వానకి పడ్డ నల్లటి చారలు తడి మీద తడి వేస్తే వాటంతట అవే వస్తాయి. నీళ్ళల్లో కొండ నీడ నేర్చుకోవాలంటే తాటిపూడి, గాలి లేని పొద్దున్న వెళ్ళాలి. పూసపాటిరేగ వైపు చింతపల్లి తీరం కూడా చూడండి, అక్కడా లైట్‌హౌస్ ఉంది.

ఏ నెలల్లో, ఏ టైంలో వెళ్ళాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బంగారం. జనవరిలో పొద్దున్న మంచుకి పొలాలన్నీ రెండే రెండు రంగులైపోతాయి, కొత్తవాళ్ళకి అంతకంటే మంచి పాఠం లేదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా సామాను సర్దేయండి. జూన్‌లో సూర్యోదయం 5:20 ప్రాంతంలో అవుతాది, జనవరిలో 6:30 ప్రాంతంలో, దానికి అరగంట ముందు చేరుకుంటే స్కెచ్ గీసుకోడానికి టైం ఉంటాది. మిట్ట మధ్యాహ్నం నీడలు కాళ్ళ కిందకి పోయి ప్రతిదీ బల్లపరుపుగా కనబడతాది, ఆ టైంలో అన్నం తినండి.

రంగు ఒకసారి తొందరగా ఆరిపోతుంది, ఒకసారి ఎంతకీ ఆరదు, ఏం చెయ్యాలి?

అసలు విద్య ఇదే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

కాగితం మీద తడికి నాలుగు దశలుంటాయి. మొదటిది నీళ్ళు నిలిచి జారుతుంటాయి. రెండోది కాగితమంతా ఒకేలా మెరుస్తాది, నీళ్ళు మాత్రం జారవు. మూడోది మెరుపు పోతాది గానీ వేలి వెనక పక్క ఆనిస్తే చల్లగా తగులుతాది. నాలుగోది పూర్తిగా ఆరిపోయి కాగితం గది వేడికి వచ్చేస్తాది. దీన్ని పైనుంచి చూస్తే తెలియదు, తల కిందకి వంచి కాగితాన్ని కంటి ఎత్తులో పక్క నుంచి చూడాలి, అప్పుడు మెరుపు ఎక్కడుంది ఎక్కడ పోయిందన్నది స్పష్టంగా కనబడతాది. మెరిసేటప్పుడు రంగు వేస్తే మెత్తగా మబ్బులా పాకుతాది. మెరుపు పోతున్న ఆ క్షణంలో చిక్కటి రంగు వేస్తే దూరపు చెట్ల వరుసలా అంచు మెత్తగా ఉండి ఆకారం మాత్రం నిలబడతాది, మంచి ల్యాండ్‌స్కేప్‌లో సగం అందం ఈ దశలోదే. మూడో దశలో నీళ్ళ బ్రష్ పెట్టారో, అయిపోయిందే, ఆ నీళ్ళు అంతకుముందున్న రంగుని పక్కకి తోసి క్యాబేజీ ఆకు అంచులా మరక చేసేస్తాయి. సూత్రం ఒక్కటే, కాగితం మీద ఉన్న తడి కంటే బ్రష్‌లో తడి ఎప్పుడూ తక్కువ ఉండాలి. బ్రష్‌ని రంగులో ముంచాక ఒకసారి పంచె గుడ్డకి ఆనించడం అనే చిన్న అలవాటు సగం బొమ్మల్ని కాపాడతాది.

ఇప్పుడు మన వాతావరణం సంగతి. తీరం దగ్గర పొద్దున్నపూట గాలిలో తేమ ఎక్కువ, కళింగపట్నంలో ఆరింటికి వేసిన ఆకాశం ఎంతసేపటికీ మెరుస్తూనే ఉంటాది. అక్కడ తొందరపడకుండా ఆకాశం మొదట వేసేసి, పక్కన ఇంకో చిన్న కాగితం మీద పడవ స్కెచ్‌లు వేసుకుంటూ ఉండండి, తిరిగి వచ్చేసరికి ఆరుతాది. నీళ్ళు తక్కువ, రంగు ఎక్కువ పెట్టుకోండి. అదే మార్చిలో బొబ్బిలి వైపు పదకొండింటికి కూర్చుంటే ఒక గీత గీసి రెండోది కలిపేలోపు మొదటిది ఆరిపోతాది, అప్పుడు కాగితం వెనకవైపు కూడా బాగా తడిపి ప్యాడ్‌కి అతికించండి, మధ్యమధ్యలో స్ప్రేతో గాలిలో పైకి కొట్టి జల్లు కాగితం మీద పడనివ్వండి, పెద్ద బ్రష్ వాడండి, ప్యాడ్ నీడలో పెట్టండి. వానాకాలం అసలు ఆరదు, ఆ రోజుల్లో ఒకే తడిలో మొదలెట్టి అదే తడిలో ముగించే చిన్న బొమ్మలే వెయ్యండి. నాగావళి మీద వాన ముసురు పట్టిన రోజున అలా వేసే బొమ్మలే బాగా వస్తాయి, ఎందుకంటే బయటా అంచులు లేవు, కాగితం మీదా లేవు.

ఆరాక రంగు ఒక మెట్టు తేలిపోతాదన్నది కూడా మర్చిపోవద్దు. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉందనిపిస్తే ఆరాక చప్పబడుతుంది, కాస్త ముదురు అనిపించేలా వెయ్యండి.

వేస్తుండగానే వెలుగు మారిపోతోంది, నీడలు జరిగిపోతున్నాయి. ఏం చెయ్యాలి?

కూర్చోగానే అగ్గిపెట్టె సైజులో పెన్సిల్‌తో ఒక చిన్న స్కెచ్, మూడే రకాలు, తెలుపు, మధ్యరకం, ముదురు. కళ్ళు సగం మూసి చూస్తే ఆకులూ గడ్డీ పోయి ఈ మూడు ముద్దలే మిగులుతాయి. నీడలు ఏ వైపు పడ్డాయో ఆ స్కెచ్‌లోనే బాణం గుర్తు పెట్టేయండి, ఇక దాన్నే నమ్మాలి, గంట తర్వాత నీడ ఎటుపోయినా మీరు మార్చకూడదు. మధ్యలో మనసు మార్చుకుంటే బొమ్మలో ఇద్దరు సూర్యులు వస్తారు. గంటన్నర, మహా అయితే రెండు గంటలు, అంతకుమించి కూర్చోవద్దు.

కాగితం ఎండలో పెట్టాలా నీడలోనా?

నీడలోనే. తెల్ల కాగితం మీద నేరుగా ఎండ పడితే కళ్ళు మిరుమిట్లు గొలిపి రంగులు మరీ ముదురుగా వేసేస్తాం, ఇంటికొచ్చి చూస్తే బొమ్మ మసిబారినట్టుంటాది. గొడుగు వేసుకుంటే నల్లదే వేసుకోండి, రంగుల గొడుగైతే ఆ రంగు కాగితం మీద పడి అన్నీ తప్పుగా కనబడతాయి.

దూరపు కొండలు దగ్గరకి వచ్చేసినట్టు ఉంటున్నాయి, ఎందుకు?

ఎక్కువగా చూసేస్తున్నారు కాబట్టి. సాలూరు వైపు వెళ్ళేటప్పుడు కనబడే తూర్పు కనుమల్ని చూడండి, చివరి వరుస ఆకాశం కంటే ఒక్క పిసరు ముదురు, అంతే, అందులో చెట్లుండవు, రాళ్ళుండవు. దాని ముందు వరుస కొంచెం ముదురు నీలం. ఇంకా ముందుది నీలంలో పచ్చ. మధ్యలో ఉన్న గాలి, తేమ, దుమ్ము కలిసి దూరమున్న వస్తువుని లేతగా, నీలంగా చేసేస్తాయి, వేడి రంగులు అక్కడిదాకా నిలవవు. కొండ పాదం దగ్గర పైకంటే లేతగా ఉంటాది, ఎందుకంటే పొగమంచు, దుమ్ము కిందే పేరుకుంటాయి. కాబట్టి కొండ పైఅంచు వేసి, కింద అంచు మీద శుభ్రమైన నీళ్ళ బ్రష్‌తో లాగేయండి, కొండ నేలలోంచి లేచినట్టు కాకుండా మంచులోంచి లేచినట్టు వస్తాది.

తెల్లరంగు వాడొచ్చా?

ముందు కాగితం తెలుపుని కాపాడుకోడం నేర్చుకోండి. కొంగ, సున్నం గోడ, అలల నురగ, ఎండ తగిలిన తెరచాప, వీటి చుట్టూ రంగు వెయ్యాలి, వాటి మీద కాదు. చివర్లో ఒకటీ అరా మెరుపుకి వైట్ గువాష్ (కింద రంగు కనబడకుండా కప్పేసే చిక్కటి నీటిరంగు) చుక్క పెట్టడం తప్పనేవాళ్ళు ఉన్నారు, నాకైతే అభ్యంతరం లేదు. మిగతా రంగుల్లో కలపడం మాత్రం వద్దు, సుద్దలా అయిపోతాది.

డ్రాయింగ్ రాదు, అయినా వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు. పొలం, ఆకాశం, దూరంగా చెట్ల వరుస, వీటికి డ్రాయింగ్ ఎంత కావాలి? గుళ్ళు, ఇళ్ళు తర్వాత చూసుకుందాం. తాటిచెట్టు కూడా ఒక్కో ఆకు గీయకండి, ముందు తలని ఒక ముద్దగా చూడండి, అంచుల దగ్గర మాత్రం రెండు మూడు చోట్ల ఆకు మొనలు బయటకి లాగండి, మధ్యలో ఆకాశం కనబడే చిన్న చిన్న కంతలు వదలండి. కంతలు లేకపోతే చెట్టు గొడుగైపోతాది.

సముద్రం నీళ్ళు, ఏటి నీళ్ళు వాడొచ్చా?

ఏటి నీళ్ళు తేటగా ఉంటే పర్లేదు. సముద్రం నీళ్ళు వద్దు, ఉప్పు కాగితంలో ఉండిపోయి తేమ లాగుతూ ఉంటాది. ఇంటి నుంచి రెండు సీసాలు తెచ్చుకోండి, ఒకటి బ్రష్‌కి ఒకటి గొంతుకి.

జనం మూగేస్తారు, సిగ్గేస్తోంది. ఏమైనా అంటారా?

ఏమీ అనరు. "ఏటి గీస్తన్నావు బావూ" అంటారు, అంతే, నిజంగా తెలుసుకుందామనే. కాగితాలు, ప్యాడు చూసి ముందు భూముల సర్వేకి వచ్చారేమో అని అనుమానపడతారు, విమానాశ్రయానికి భూములు తీసుకున్న భోగాపురం వైపు ఊళ్ళల్లో అయితే మరీను, కాబట్టి వెళ్ళగానే దగ్గరలో ఉన్న పెద్దాయనకి "తాతా, మీ చెరువు బొమ్మేసుకుంటాం, కాసేపు కూర్చోవచ్చా" అని ఒక్కమాట చెప్పండి. ఆ తర్వాత ఆయనే అందర్నీ అదిలిస్తాడు, వెలుగుకి అడ్డం నిలబడకండర్రా అని. పిల్లలకి ఒక కాగితం ముక్క, పాత బ్రష్ ఇచ్చేయండి, కూర్చుంటారు. ఇంకో మాట, జాలర్లు, పొలంలో పనిచేసేవాళ్ళు వాళ్ళ ఇంటిని, వాళ్ళ పడవని చాలా కచ్చితంగా గుర్తుపడతారు, పడవ మొన వంపు తప్పుంటే వెంటనే చెప్పేస్తారు. వినండి, వాళ్ళు చెప్పింది కరెక్టే ఉంటాది. మనుషుల్ని దగ్గరగా వెయ్యాలంటే మాత్రం ముందు అడగండి.

ఆడవాళ్ళం ఒంటరిగా వెళ్ళొచ్చా?

కొత్త చోటుకి మొదటిసారి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళమనే చెప్తాను, అది ఎవరికైనా సరే. ఊరికి దగ్గరగా, గుడి దగ్గరో రేవు దగ్గరో కూర్చోండి, ఇంట్లో చోటు పేరు చెప్పి వెళ్ళండి, చీకటి పడకముందే బస్సెక్కే లెక్క చూసుకోండి.

ఇంకేమైనా జాగ్రత్తలు?

మే నెలలో మధ్యాహ్నాలు దాటాక మబ్బు నల్లబడి ఉరిమిందంటే బొమ్మ ఎంత బాగా వస్తున్నా సరే లేచిపోండి, తాటిచెట్టు కింద గానీ బయలు పొలంలో గానీ ఉండొద్దు, పిడుగులు పడతాయి. పక్కా ఇల్లు చూసుకుని లోపలికి వెళ్ళండి. గట్ల మీద, రాళ్ళ సందుల్లో స్టూలు వేసేముందు కర్రతో ఒకసారి తట్టండి, పాములుంటాయి. ఎండలో తలకి తువ్వాలు, సీసాలో మజ్జిగో చోడి (రాగి) అంబలో. తడి కాగితాల కోసం మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ ఫోల్డరు. బ్రష్ కడిగిన రంగు నీళ్ళు చెరువులో పారబొయ్యకండి, కొన్ని పిగ్మెంట్లలో లోహాలుంటాయి, సీసాలో పోసుకుని ఇంటికి తెచ్చేయండి. పాత కట్టడాల దగ్గర స్టాండు పెట్టేముందు అక్కడ కాపలా ఉన్నాయన్ని అడగండి.

బయట పూర్తికాకపోతే ఇంటికొచ్చి వేసుకోవచ్చా?

ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు రెండు మూడు ముదురు గీతలు, అంతవరకే. అంతకంటే ఎక్కువ కెలికితే బయట వచ్చిన ఆ తాజాదనం పోతాది. పెద్ద బొమ్మ కావాలంటే దీన్ని అలాగే ఉంచేసి, దీన్ని చూసి వేరే కాగితం మీద కొత్తగా మొదలెట్టండి.

చూసి నేర్చుకోడానికి మన వైపు చిత్రకారులు ఎవరున్నారు?

శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యగారు, వపా అని సంతకం పెట్టేవారు, చందమామ ముఖచిత్రాలతో ఇంటింటికీ తెలిసినాయన. అందరూ ఆయన బొమ్మల్లో మనుషుల్ని చూస్తారు, మీరు వెనకాల ఉన్న ఆకాశాన్ని, చెట్లని, నీడల్లోని రంగుల్ని చూడండి. బొబ్బిలివాడైన అంట్యాకుల పైడిరాజుగారి బొమ్మల్లో మన పల్లె మనుషులు, వాళ్ళ ఒంటి తీరు కనబడతాది. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ తప్పకుండా చూడండి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండకుండా పోయారాయన, ఆ కాస్త కాలంలో నీటిరంగుల్లో ఎంత పని చేశారో అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తాది. ప్రింటులో చూడ్డం వేరు, కాగితం అంచు దగ్గర ఆరిన రంగుని కళ్ళారా చూడ్డం వేరు.

వేసిన బొమ్మలకి, మిగిలిన పేపర్‌కి బూజు పడుతోంది, ఎలా దాచాలి?

మన తీరంలో తేమకి ఇది మామూలే. కాగితానికి పైన జిగురు పూత ఉంటాది, నీళ్ళు వెంటనే పీల్చకుండా కాపాడేది అదే. తేమకి బూజు ఆ పూతనే తింటాది, అలా పాడైన చోట రంగు వేస్తే అద్దుడు కాగితంలా మచ్చలు మచ్చలుగా లాగేస్తాది. కొన్న పేపర్‌ని ప్లాస్టిక్ కవర్లో సిలికా జెల్ పొట్లాలు వేసి బీరువా పై అరలో పెట్టండి, నేల మీద, బయటి గోడకి ఆనించి వద్దు. సిలికా జెల్‌ని అప్పుడప్పుడు బాగా వేడిచేసి తేమ పోగొడితే మళ్ళీ పనికొస్తాది. పూర్తయిన బొమ్మలు బాగా ఆరాకే, ఒక్క రోజు ఆగి, మధ్యలో ట్రేసింగ్ పేపర్ వేసి సర్దండి. ఫ్రేము కట్టిస్తే అద్దం బొమ్మకి తగలకుండా మౌంట్ (చుట్టూ మందపాటి అట్ట) పెట్టమని చెప్పండి, లేకపోతే వానాకాలం అద్దానికి అతుక్కుపోతాది. నేరుగా ఎండ పడే గోడకి తగిలించొద్దు, ఎండ రాని నడవలో గోడో మరోటో చూసుకోండి.